విడి ప్రింట్లా, కరిజ్మా ఆల్బమా?

ఫోన్‌లో వేల ఫొటోలున్నాయి, అందులో ఓ వంద కడిగించాలి. విడిగా వేయించాలా, ఫొటో షీట్లనే పేజీలుగా అంటించి కట్టే కరిజ్మా ఆల్బమ్ చేయించాలా? పెళ్లయిన ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్నే ఇది.

చూడ్డానికి ఆల్బమే అందం. పేజీ బల్లపరుపుగా పరుచుకుంటుంది, పదిమంది చేతులు మారినా ఒక్క ఫొటో తప్పిపోదు. విడి ప్రింట్లను చుట్టాలు తలా ఒకటి పట్టుకెళ్తారు.

నీళ్లు తగిలితే మాత్రం లెక్క మారిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు మునిగాయి. అలాంటి నీళ్లలో కరిజ్మా నిలవదు. షీట్లు వెన్నుకు వెన్ను అంటించి ఉంటాయి కాబట్టి తడిస్తే పేజీ ఉబ్బుతుంది, ఎదురెదురు బొమ్మలు అతుక్కుంటాయి. విడదీయబోతే ముఖాలే ఊడొస్తాయి.

ల్యాబ్‌లో సిల్వర్ హాలైడ్ కాగితం (వెలుతురు తగిలితే బొమ్మ పడే ఫొటో కాగితం) మీద కడిగిన విడి ప్రింటు పుట్టిందే నీళ్లలో, అందుకే తడిని కొంత తట్టుకుంటుంది. రెండు అతుక్కున్నా పీకకండి, ఎండనివ్వకండి. చల్లటి మంచినీళ్ల పళ్లెంలో నానబెడితే బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర మెత్తబడి చాలావరకు వదులుతాయి. ఆ పొర అప్పుడు వేలు తగిలినా లేచిపోతుంది. అంచులు పట్టుకుని తీసి, బొమ్మ పైకి ఉండేలా పాత గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. రెండు రోజులు ఆలస్యమైతే బూజు పడుతుంది. ఆరాక స్కాన్ చేసి మళ్లీ వేయించుకోవచ్చు. తడిసి ఆగిపోయిన ఫోన్‌తో ఆ పని కాదు.

ఇంట్లో ఇంక్‌జెట్ అయితే డై ఇంకు (నీళ్లలో కరిగే రంగు) తడికి కారిపోతుంది. లామినేషన్ వద్దే వద్దు, వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్లీ రాదు.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. ఫోన్ ఫొటో పొడవు వెడల్పుల నిష్పత్తి సాధారణంగా 4:3, 4×6 అంగుళాల కాగితానిది 3:2. అలాగే ఇచ్చేస్తే ఫొటోలో తొమ్మిదో వంతు తెగుతుంది; గ్రూపు ఫొటోలో పై వరస తలలు పోయేది అందుకే. 6×8లో అది పూర్తిగా పడుతుంది. స్టూడియోకి వాట్సాప్‌లో పంపాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోతుంది. 12×18కి 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) లెక్కన చూసినా 2400×3600 పిక్సెళ్లు కావాలి.

ఆల్బమే కావాలనుకుంటే చేయించుకోండి. దాంతోపాటు ముఖ్యమైన ఇరవై ఫొటోలు 6×8లో విడిగా వేయించి, వేరే ఊళ్లో అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచండి. వెనక అంచున పేర్లు, ఊరు, ఏడాది సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో రాసి, పూర్తిగా ఆరాకే దొంతి పెట్టండి. బాల్‌పెన్ నొక్కి రాస్తే ముందువైపు గీత తేలుతుంది.