పాంథర్ 6×6: రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యే బండి

ఆస్ట్రియాలో లింజ్ పక్కనున్న లియోండింగ్‌కు చెందిన రోజెన్‌బావర్ కంపెనీ తయారుచేసే పాంథర్, మన ఏఏఐ (ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) విమానాశ్రయాల్లో చాలాచోట్ల కనిపించే క్రాష్ ఫైర్ టెండర్, అంటే విమాన ప్రమాదాల్లో మంటలార్పే బండి. మోడల్ 1991 నాటిది, తరాలు మారుతూ వస్తోంది. 4×4, 8×8 కూడా ఉన్నాయి గానీ ఇక్కడ చూసేది 6×6నే, అంటే ఆరు చక్రాలకూ ఇంజిన్ బలం అందే రకం.

ముందు పరుగు సంగతి. 4,500 లీటర్లకు మించి నీళ్లు మోసే బండి 40 సెకన్లలోపు 80 కిలోమీటర్ల వేగం అందుకోవాలని, కనీసం 100తో పోగలగాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో చెబుతుంది. 700 హార్స్‌పవర్ వోల్వో ఇంజిన్ వేసిన కొత్త పాంథర్‌కు అదేం పెద్ద పని కాదు. అయినా కొనేవాళ్లు ఈ అంకె చూసి మురిసిపోకూడదు. పిలుపు అందినప్పటి నుంచి మూడు నిమిషాల్లో రన్‌వే మీద ఏ చోటికైనా చేరి నురుగు కొట్టడం మొదలుపెట్టాలి. రెండు నిమిషాలైతే ఇంకా మేలు. శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఒక కొస నుంచి ఇంకో కొసకు 100 వేగంతో పోతే 153 సెకన్లు. మిగిలిన 27 సెకన్లలోనే గంట మోగాలి, సిబ్బంది ఎక్కాలి, షట్టర్ లేవాలి, బండి వేగం అందుకోవాలి. అందుకే స్టేషన్‌ను రన్‌వే మధ్యకు దగ్గరగా కడతారు. స్టేషన్ తప్పు చోట కట్టాక ఎంత మంచి ఇంజిన్ వేసినా ఆ దూరం తగ్గదు.

అసలు లెక్క ట్యాంకులో ఉంది. 12,500 లీటర్ల నీళ్లు, బండి పైన ఉండే టరెట్ (తిరిగే నీటి ఫిరంగి) నిమిషానికి 6,000 లీటర్ల చొప్పున వదిలితే రెండు నిమిషాల ఐదు సెకన్లలో నీళ్లు ఖాళీ. వచ్చే విమానాల సైజును బట్టి విమానాశ్రయ అగ్నిరక్షణకు కేటగిరీ ఇస్తారు. కేటగిరీ 9 విమానాశ్రయానికి, అంటే బోయింగ్ 777-300 స్థాయి విమానాలకు, బీ శ్రేణి (ఏ, బీ, సీ నాణ్యతల్లో మధ్యది) నురుగుతో 24,300 లీటర్ల నీళ్లు కావాలి. రెండు పాంథర్‌లు ఆ నీళ్లు మోసేస్తాయి. కానీ నిబంధన మూడు బండ్లు అడుగుతుంది. ‘రెండు పెద్దవి చాలవా’ అని అడిగే ఫైనాన్స్ విభాగానికి చెప్పాల్సిన జవాబు ఒక్కటే: ఒక దాని పంపు మొరాయిస్తే సగం నీళ్లు గోవిందా.

ఫోమ్ (నీళ్లలో కలిపితే నురుగయ్యే ద్రవం) ట్యాంకు దగ్గర చాలామంది బోల్తా పడతారు. బండిలోని నీళ్ల ట్యాంకు రెండుసార్లు నింపినా సరిపడే ఫోమ్ ఉండాలి. 6 శాతం ఫోమ్‌తో ఒక ట్యాంకుకు సుమారు 798 లీటర్లు, రెండిటికీ 1,596. అంటే 12,500 నీళ్లకు 1,500 లీటర్ల ఫోమ్ ట్యాంకు తీసుకుంటే దాదాపు వంద లీటర్లు తక్కువ. అదే 3 శాతం ఫోమ్ అయితే 773తో సరి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏ ఫోమ్ వాడతారో ముందే తేల్చుకోండి.

ఫ్లోరిన్ లేని ఫోమ్‌కు మారాలంటే ఇంకో తలనొప్పి. ఇవి చాలావరకు ఏఎఫ్‌ఎఫ్‌ఎఫ్ (ఫ్లోరిన్ ఉన్న పాత రకం ఫోమ్) కంటే చిక్కగా ఉంటాయి. ప్రపోర్షనర్‌ను (నీళ్లలో ఫోమ్‌ను పాళ్ల ప్రకారం కలిపే పరికరం) పాత సెట్టింగ్‌తో నడిపితే ఫోమ్ పాళ్లు తగ్గి, నురుగు ఇంధనం మీద నిలవదు. పాత ఫోమ్ మీద కొత్తది పోయకూడదు. ట్యాంకు, పైపులు పదేపదే కడిగి, ఆ కడిగిన నీళ్లను కాలువలోకి వదలకుండా పట్టి, తర్వాత నాజిల్ దగ్గర నమూనా తీసి పాళ్లు కొలవాలి. డయల్ మీద 6 అని కనిపించినంత మాత్రాన నాజిల్‌లో 6 రాదు.

పాంథర్‌లో నచ్చేది పంప్ అండ్ రోల్. బండి కదులుతుండగానే కేబిన్‌లోంచి జాయ్‌స్టిక్‌తో టరెట్, బంపర్ మానిటర్ (ముందు బంపర్ మీది నాజిల్) రెండూ నడుస్తాయి. డ్రైవర్ కూర్చునే చోటు నుంచి ముందు అద్దంలోంచి బయట బాగా కనిపిస్తుంది. స్టింగర్ బూమ్ (విమానం గోడకు గుచ్చి లోపలికి నీళ్లు కొట్టే నాజిల్ ఉన్న పొడవాటి చేయి), థర్మల్ కెమెరా (వేడిని బట్టి చూపేది) మాత్రం అదనపు ఖర్చు. కెమెరా దగ్గర పిసినారితనం వద్దు. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా విమానం కూలినప్పుడు, నేల మీద నురుగు కింద ఉన్న ప్రయాణికురాలి మీదుగా అగ్నిమాపక వాహనాలు వెళ్లాయి. తెల్లటి నురుగులో మనిషి కంటికి ఆనడు. బూమ్ కొంటే శిక్షణ కూడా కొనాలి. గుచ్చే నాజిల్‌ను కిటికీల పైన, సామాను అరల కింద దించాలి. లోపల జనం దిగుతుంటే అసలు గుచ్చకూడదు. ఇది చేతికి అలవాటయ్యే పనే తప్ప మాన్యువల్ చదివితే వచ్చేది కాదు.

ఇక నిర్వహణ. ఎయిర్ బ్రేకులున్న బండి కాబట్టి, స్టేషన్‌లో నిలిపినప్పుడు గాలి, బ్యాటరీ చార్జింగ్ లైన్ తగిలించి ఉంచాలి. లైన్ వదిలేసి, ఎక్కడో గాలి కారుతుంటే పొద్దున్నకి ప్రెషర్ పడిపోయి బ్రేకులు పట్టేస్తాయి. ప్రెషర్ ఎక్కేదాకా బండి కదలదు, మూడు నిమిషాల లెక్క అక్కడే పోయినట్టు. టైర్ల అరుగుదల చూసి మోసపోకండి. ఇవి తిరిగేది తక్కువ, పూర్తి బరువు మోస్తూ నిలబడేదే ఎక్కువ. ట్రెడ్ నిక్షేపంగా ఉండగానే పక్కలు పగుళ్లిస్తాయి. తయారీ తేదీ చూసి మార్చాలి. ఫోమ్ కొట్టిన ప్రతిసారీ ప్రపోర్షనర్‌ను మంచినీళ్లతో కడగకపోతే జిగురు పట్టి వాల్వ్ ఇరుక్కుంటుంది. డ్రై పౌడర్ వాడాక గొట్టాన్ని నైట్రోజన్‌తో ఊది ఖాళీ చేయాలి. మిగిలిన పొడి తేమకు గడ్డకడితే తర్వాతిసారి పొడి బయటికి రాదు.

విడిభాగాలు విదేశాల నుంచి రావాలి. రెండు బండ్లతో గడిపే కేటగిరీ 6, 7 విమానాశ్రయాల్లో ఒకటి షెడ్‌లో పడితే మొత్తం కేటగిరీయే దిగిపోతుంది. కొనుగోలు ఒప్పందంలోనే పంపు సీళ్లు, ప్రపోర్షనర్ వాల్వ్, టరెట్ మోటార్, ఒక జాయ్‌స్టిక్ స్థానికంగా నిల్వ ఉంచాలని రాయించుకోండి.