అడవి జంతువుల్లో క్యాన్సర్‌ను చదవడానికి ఏది మేలు: జూ రికార్డులా, కళేబరాలా, బతికున్న జంతువులా?

అడవిలో క్యాన్సర్ సోకిన జంతువు మనిషి కంట పడటమే అరుదు. కణితి ముదిరి నీరసించగానే ఏదో ఒకటి దాన్ని వేటాడేస్తుంది, లేదా ఏ పొదల్లోనో చచ్చి కుళ్ళిపోతుంది. అందుకే పరిశోధకులకు ప్రధానంగా మూడు దారులు మిగిలాయి. జూల మరణ రికార్డులు తిరగేయడం ఒకటి. దొరికిన కళేబరాలకు పోస్టుమార్టం చేయడం రెండోది. బతికున్నవాటిని పదేపదే పట్టి, పరీక్షించి, వదిలేయడం మూడోది. ఒక్కదానికే డబ్బుంటే నేను కళేబరాలకే ఖర్చు పెట్టమంటాను.

జూ రికార్డుల బలమంతా లెక్కలో ఉంది. జంతువు ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు, దేనివల్ల పోయిందో చాలావరకు రాసి ఉంటుంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనం 191 క్షీరద జాతులకు చెందిన 1,10,148 జంతువుల వివరాలు పరిశీలించింది. మాంసాహారుల్లో క్యాన్సర్ చావులు ఎక్కువనీ, జింకల వంటి గిట్టల జంతువుల్లో తక్కువనీ తేలింది. ఒళ్లు పెద్దదైనంత మాత్రాన ముప్పు పెరగదని కూడా కనబడింది. ఏనుగునే చూడండి: కణితులను అడ్డుకునే టిపి53 జన్యువు మనకు ఒక్కటే, ఏనుగు జీనోములో దాని ప్రతులు దాదాపు 20. జాతికీ జాతికీ ఉన్న తేడా తెలుసుకోవాలంటే జూను మించింది లేదు. కానీ ఆ శాతాలను అడవికి అంటగట్టకూడదు. జూలో ఆయుష్షు ఎక్కువ, తిండి వేరు. గర్భం రాకుండా హార్మోన్లు ఇచ్చిన పులి, సింహం జాతుల్లో రొమ్ము కణితులు పెరిగాయి కూడా.

బతికున్న జంతువును మళ్ళీ మళ్ళీ చూస్తే తెలిసేది వేరు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో ఉండే మాంసాహార జంతువు టాస్మేనియన్ డెవిల్ ముఖంపై కణితులు 1996లో మొదట కనబడ్డాయి. ఈ జంతువులు ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు క్యాన్సర్ కణాలే నేరుగా అంటుకుంటున్నాయి. బోనులు పెట్టి, మైక్రోచిప్ వేసి, కణితులను కొలుస్తూ పోయినవారికే కొన్ని జంతువుల్లో కణితి దానంతటదే కుంచించుకుపోవడం కనబడింది. పోస్టుమార్టం ఆ సంగతి చెప్పలేదు. అయితే ముఖం మీది కణితి కాబట్టి సాధ్యమైంది. పేగుల్లోదైతే బోనులో ఉన్న జంతువును చూసి ఏం పసిగడతాం?

కళేబరం దాన్ని కూడా చూపిస్తుంది. కెనడాలోని సెయింట్ లారెన్స్ నదీముఖంలో 1983 నుంచి 1999 వరకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన బెలూగా తిమింగలాల్లో 129ని కోసి చూశారు. పెద్దవాటిలో 27 శాతానికి క్యాన్సర్ ఉంది, అందులో పేగు క్యాన్సర్ ప్రముఖం. ఆ ప్రాంతపు అల్యూమినియం కర్మాగారాలు వదిలిన పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే విష రసాయనాల మీదికి అనుమానం వెళ్ళింది. పోస్టుమార్టాలు ఆపకుండా కొనసాగించడం వల్లే అసలు విలువ బయటపడింది: పళ్ళ పొరలు లెక్కపెట్టి వయసు కడితే, క్యాన్సర్ కేసులన్నీ 1971కి ముందు పుట్టినవాటిలోనే ఉన్నాయి. ఆ రసాయనాల కాలుష్యాన్ని తర్వాత కట్టడి చేయడం ఫలించిందనడానికి ఇంతకంటే బలమైన సూచన జూ రికార్డుల్లో వెతికినా దొరకదు. కాలిఫోర్నియా సముద్ర సింహాల జననాంగ క్యాన్సర్ వెనక ఒక హెర్పిస్ వైరస్‌తో పాటు పీసీబీ అనే పారిశ్రామిక రసాయనాలు, డీడీటీ అనే పురుగుమందుల పాత్ర కూడా ఉందని తెలిసింది ఒడ్డుకు చేరినవాటి కణజాలం, కొవ్వు నుంచే.

లోపం లేదని కాదు. ఆ 27 శాతం దొరికిన శవాలకు సంబంధించినది, నీళ్ళలో తిరుగుతున్న మందకు కాదు. పత్రికలు ఈ తేడాను తరచూ మింగేస్తాయి, అది నన్ను బాధిస్తుంది. అయినా దాచిపెట్టిన కణజాలాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత కొత్త పరీక్షకు పెట్టవచ్చు. పట్టి వదిలేసిన జంతువు మళ్ళీ చిక్కుతుందో లేదో.

నా మాటకు ఒక్క మినహాయింపు ఉంది. కణితి పైకి కనిపిస్తూ, జంతువుల సంఖ్య వేగంగా పడిపోతుంటే కళేబరాల కోసం ఎదురుచూడకూడదు. ఆ డబ్బంతా బోనులకు, మైక్రోచిప్‌లకు మళ్ళించాలి.