పాత జీపుని మార్చాలా, ఉన్నట్టే నిలబెట్టుకోవాలా? ఎంఎం 540తో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లోకి పాత జీపు తీసుకెళ్తే చాలు, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు సలహాలన్నీ వచ్చేస్తాయి. డీఐ ఇంజిన్ వేసెయ్యండి, వెడల్పు టైర్లు ఎక్కించండి, పైన హార్డ్ టాప్ కట్టిస్తే అచ్చం థార్ లాగే ఉంటుంది అంటారు. థారే కావాలనుకుంటే థారే కొనుక్కుంటాం కదండీ.

మాది మహీంద్రా ఎంఎం 540, ఏపీ 16 నంబరు. నాన్నగారి రోజుల నుంచీ నూజివీడు పక్కన మామిడి తోటకీ, ఇంటి పనులకీ ఇదే. 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలు, డ్రమ్ము బ్రేకులు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. డీజిల్ లీటరుకి పదీ పదకొండు కిలోమీటర్లు వస్తే ఆ రోజు మంచి రోజు. రోడ్డు మీద సుఖం కావాలనుకునేవాళ్లు ఈ సమీక్ష ఇక్కడితో ఆపేయొచ్చు.

దీని స్వభావం అర్థం కావాలంటే క్రౌన్ పినియన్ (ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి మళ్లించే, ఇరుసు మధ్యలోని పళ్ల జత) దగ్గర మొదలుపెట్టాలి. మా బండి నిష్పత్తి 5.38. అంటే వెనక చక్రం ఒక చుట్టు తిరగాలంటే గేర్‌బాక్స్ వైపు నుంచి ఇరుసుకి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదు చుట్ల పైనే తిరగాలి. 6.00-16 టైర్లతో టాప్ గేరులో 60లో పోతుంటేనే ఇంజిన్ 2,300 ఆర్‌పీఎం దాటుతుంది. 80 అంటే 3,000 పైమాటే. హైదరాబాద్ హైవే ఎక్కితే పక్క సీట్లో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాలి. అదే నిష్పత్తి తోటలో వరం. లో రేంజిలో (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్ల వరసలో) ఫస్టు గేరు వేసి యాక్సిలరేటర్ మీద కాలు తీసేసినా, కాయల ట్రేలతో కాలవ గట్టు నింపాదిగా ఎక్కేస్తుంది.

వెడల్పు టైర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలం మా వైపు నల్లరేగడిలో సన్నటి టైరు పై బురదని కోసుకుని కింద గట్టి నేల అందుకుంటుంది. వెడల్పుది ఆ బురద మీదే తేలుతుంది, పళ్ల మధ్య మట్టి నిండాక గుండ్రంగా తిరుగుతూ నిలబడిపోతుంది. పైగా పవర్ స్టీరింగ్ లేని బండికి వెడల్పు టైర్లంటే చేతులకి శిక్ష. ముందు చక్రాలు పక్కకి తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు తొందరగా పోతాయి, 50 దాటగానే ముందు చక్రాలు ఊగడం మొదలవుతుంది. పెద్ద టైరైతే స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది.

మా పెద్దమ్మగారి అబ్బాయిది గుంటూరు. అతనిదీ ఇదే మోడల్. అన్నయ్య అన్నీ చేయించాడు: ఎత్తు పెంచాడు, ఇనప బుల్ బార్ పెట్టించాడు, బాడీ కోసి హార్డ్ టాప్ కట్టించాడు. "నీది మ్యూజియంలో పెట్టుకోరా తమ్ముడూ" అనేవాడు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒక చుట్టు తిరిగి చూసి, ఆర్‌సీలో ఉన్నట్టు చేసుకుని రండి అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి చెప్పింది. కోసేసిన రేకు మళ్లీ అతికించడానికి అన్నయ్యకి మొదటి ఖర్చుకి మించే అయింది.

రెన్యువల్ ఫీజూ ఇప్పుడు చిన్నదేం కాదు. కార్లు, జీపుల్లాంటి వాటికి 600 ఉండేది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. అయిదేళ్లకోసారి ఇదంతా కట్టి, పరీక్షకి నిలబడాల్సిన బండి ఇది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ఆ నంబరున్న చోట పుట్టీ గానీ మందపు పెయింటు గానీ పడనివ్వకండి, పల్చగా గ్రీజు పూసి వదిలేస్తే చాలు.

నేను రిస్టోర్ వైపే వెళ్లాను. షోరూం మెరుపు కోసం కాదు. డ్రైవర్ కాళ్ల కింద రేకుని టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అది కిందికి దిగిపోయింది. పైన మాత్రం పాత పెయింటు చక్కగా ఉంది. "దీని మీద ఇంకా పుట్టీ పెడితే అది బండవదండీ, బొమ్మవుద్ది" అన్నాడాయన. నేల రేకు మొత్తం కోసి తీసి 18 గేజి రేకు వేశాం. రేకు పనికీ పెయింటుకీ కలిపి లక్ష దాటింది. ఇంజిన్ జోలికి పెద్దగా పోలేదు; డీజిల్ పంపు, నాజిళ్లు క్యాలిబ్రేషన్ చేయించి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి వేడెక్కించే గ్లో ప్లగ్గులు మార్చేసరికి నల్లపొగా తగ్గింది, పొద్దున్నే స్టార్టింగ్ తంటా కూడా పోయింది. ఇంజినే మార్చాలనుకుంటే ముందు ఆర్‌టీఓ అనుమతి తీసుకుని, ఆర్‌సీలో ఎక్కించుకుని మార్చండి.

ఒక్కదాంట్లో మాత్రం ఒరిజినల్ అన్న పట్టుదల వదిలేశాను. బ్రేకులు. మా బండికి బూస్టర్ (బ్రేకు తొక్కే బలాన్ని పెంచేది) లేదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ముందు ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి. పెడల్ మీద నిలబడి తొక్కే బ్రేకుతో రోజూ టెన్షనే. పెట్రోల్ ఇంజిన్‌లో లాగా డీజిల్‌లో గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు కాబట్టి బూస్టర్‌కి కావాల్సిన వ్యాక్యూమ్ దానంతటది రాదు. వెనక వ్యాక్యూమ్ పంపు ఉండే ఆల్టర్నేటర్ వేసి, దాన్నుంచి బూస్టర్‌కి గొట్టం లాగించాను. సీట్ బెల్టులు, మంచి హెడ్‌లైట్ వైరింగ్, రిలేలు కూడా పెట్టించాను. అన్నీ బోల్టులతో బిగించినవే, ఎక్కడా చాసిస్ కోయలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ బండి విలువ ఇంట్లో అందరికీ తెలిసింది. పాల ప్యాకెట్లు, నీళ్ల డబ్బాలు వేసుకుని వెళ్లగలిగినంత దూరం వెళ్లాం. చక్రాల హబ్బుల పైకి నీళ్లున్న చోట కూడా నడిచింది. డీజిల్ పంపు మెకానికల్‌ది కాబట్టి తడిసి చెడిపోవడానికి కంప్యూటర్ లేదు, గాలి పీల్చే చోటికి నీళ్లు రాకుండా చూసుకుంటే చాలు. కానీ తర్వాత డిఫరెన్షియల్ (క్రౌన్ పినియన్ ఉండే ఇరుసు మధ్య భాగం) నట్టు విప్పితే ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (గాలి రంధ్రం) నుంచీ ఆయిల్ సీళ్ల నుంచీ నీళ్లని లాక్కుంటుంది. ముందూ వెనకా డిఫరెన్షియల్ ఆయిల్, గేర్ ఆయిల్, హబ్బుల్లో గ్రీజు అన్నీ మార్చాం. వరదలో తిరిగిన ఏ జీపు కొనడానికి వెళ్లినా ముందు ఆ నట్టు విప్పించండి.

మీది 50 ఏళ్లు దాటిన పాత విల్లీస్ తరహా జీపైతే నా లెక్కలు వర్తించవు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్‌లో నంబరు ప్లేటు వేరు, రిజిస్ట్రేషన్ పదేళ్లకి ఇస్తారు, కానీ బండి పాత రూపంలోనే ఉండాలి. దానికి నేను పెట్టిన బూస్టర్ కూడా పెట్టొద్దంటాను. రోజూ తోలే బండి కాదు కదా.

వచ్చే వేసవిలో గేర్‌బాక్స్ దించాలి, మూడో గేరు జారుతోంది. అయిదు గేర్లది వేద్దాం, హైవే మీద హాయిగా ఉంటుందని మేస్త్రి ఒకటే పోరు. దానికి చాసిస్‌లో అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ కోయాలట, షాఫ్టు పొట్టి చేయాలట. వద్దన్నాను. ఉన్నదాన్నే విప్పి బేరింగులు, సింక్రో రింగులు మార్చమని అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను.