జపాన్‌కి గ్రూప్ టూర్‌లో వెళ్తే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

జపాన్‌కి సొంతంగా వెళ్ళాలా, గ్రూప్ టూర్‌లో వెళ్ళాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు మీతో ఎవరెవరు వస్తున్నారని అడుగుతాను. నడవగలిగిన ఇద్దరు కుర్రవాళ్ళయితే సొంతంగానే వెళ్ళండి, అక్కడి రైళ్ళు, స్టేషన్లలో ఇంగ్లిష్ బోర్డులు, ఫోన్లో మ్యాప్ చాలు. అమ్మానాన్నలతో, అందులోనూ శాకాహారులతో వెళ్తుంటే గ్రూప్ టూరే మేలు. మేం అలాగే హైదరాబాద్ నుంచి బయల్దేరే ఒక గ్రూప్‌లో వెళ్ళాం. టోక్యో, హకోనే, క్యోటో, నారా, హిరోషిమా, ఒసాకా. మొత్తమ్మీద డబ్బుకి తగ్గ ఫలితమే దక్కింది, కానీ కొన్ని విషయాలు ముందే అడిగి తెలుసుకుని ఉంటే ఇంకా బాగుండేదనిపించే చోట్లు ఉన్నాయి, అవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ప్యాకేజీలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. అవే ఊళ్ళు, అవే గుళ్ళు, అవే ఫొటోలు. తేడా అంతా హోటల్ ఎక్కడుందనే దగ్గర ఉంటుంది. షెడ్యూల్లో "టోక్యో" అని రాసి, పక్కన "లేదా సమీప ప్రాంతం" అని చిన్న అక్షరాల్లో ఉంటే తప్పకుండా ఫోన్ చేసి ఊరి పేరు అడగండి. మాకు టోక్యో రాత్రుళ్ళు నిజానికి చిబా వైపున్న మకుహారిలో ఇచ్చారు. హోటల్ బాగానే ఉంది, గదులు కూడా కొంచెం పెద్దవే, కానీ సాయంత్రం బస్సు దింపేశాక మళ్ళీ టోక్యో లోపలున్న షిబుయా దాకా వెళ్ళాలంటే రైల్లో దాదాపు గంట, తిరిగి రావడానికి ఇంకో గంట. పొద్దున్నుంచి నడిచిన పెద్దవాళ్ళు ఆ మాటే ఎత్తరు. టోక్యో అందమంతా దీపాలు వెలిగాకే కదా, ఆ రాత్రులు మాకు దక్కలేదు. క్యోటోలో మాత్రం స్టేషన్ పక్కనే హోటల్ ఇచ్చారు, టూర్ మొత్తంలో ఈ ఒక్కటే నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఫుషిమి ఇనారి గుడి అక్కణ్ణుంచి నారా వైపు వెళ్ళే లోకల్ రైల్లో రెండో స్టేషనే. గుడి ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. తెల్లవారుజామున వెళ్తే అక్కడ వరసగా నిలబెట్టిన ఎర్రటి ద్వారాల కింద మనం, నలుగురైదుగురు జాగింగ్ చేసేవాళ్ళు, అంతే. తర్వాత గ్రూప్‌తో పదకొండింటికి వెళ్ళినప్పుడు అదే చోట అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు, ఇచ్చిన గంటలో సగం జనంలో నిలబడ్డానికే పోయింది. కొండ పైదాకా ఎక్కి దిగాలంటే రెండు మూడు గంటలు కావాలి, ఏ గ్రూపూ అంత సమయం ఇవ్వదు. చాలా ప్యాకేజీలు క్యోటోని ఒసాకా నుంచి ఒక్కరోజు ట్రిప్‌గా చుట్టేస్తాయి, నన్నడిగితే అలాంటివి వద్దు. ఒసాకాలో ఒక రాత్రి తగ్గినా పర్వాలేదు, క్యోటోలో కనీసం రెండు రాత్రులు ఉండాలి.

బుల్లెట్ ట్రైన్ సంగతి కూడా అంతే. తొకైదో షింకాన్‌సెన్ 1964లో మొదలైన లైను, టోక్యో నుంచి షిన్-ఒసాకా దాకా 515 కిలోమీటర్లు, అందులో అన్నిటికంటే వేగమైన నొజోమి రైలు రెండున్నర గంటల్లోపే తీసుకెళ్తుంది. అయితే కొన్ని ప్యాకేజీల్లో "బుల్లెట్ ట్రైన్ అనుభవం" అంటే మధ్యలో ఒకటి రెండు స్టేషన్లే, మిగతా దూరమంతా బస్సు. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అని అడగండి. మమ్మల్ని హకోనే దగ్గరున్న ఒడవారా నుంచి క్యోటో దాకా తీసుకెళ్ళారు, అది సరిపోయింది. క్యోటో వైపు వెళ్తుంటే ఫుజి పర్వతం కుడివైపు కనిపిస్తుంది, షిన్-ఫుజి స్టేషన్ దగ్గర అయితే కిటికీ నిండా అదే. రైలు ప్లాట్‌ఫాం మీద ఒక నిమిషం అటూ ఇటూగా ఆగుతుంది, అంతలో గ్రూప్ మొత్తం ఎక్కాలి. అందుకే గైడ్ పావుగంట ముందు నుంచే గీతల మధ్య వరసలో నిలబెడతాడు, విసుక్కోకండి. పెద్ద సూట్‌కేసులు రైల్లో మనతో రావు. ముందురోజు సాయంత్రమే హోటల్ రిసెప్షన్లో అప్పజెప్తే కొరియర్‌లో నేరుగా తర్వాతి హోటల్‌కి వెళ్తాయి. అక్కడ ఈ సర్వీసు ఎంత నమ్మకమైనదంటే జపాన్ వాళ్ళే సొంత ప్రయాణాలకి కూడా ఇలాగే పంపించుకుంటారు, మావి ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. కాకపోతే ఆ ఒక్క రాత్రికి మందులు, ఛార్జర్, ఒక జత బట్టలు చేతిబ్యాగులో పెట్టుకోవాలి. మా గ్రూప్‌లో ఒక పెద్దాయన బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో వెళ్ళిపోయి ఆ రాత్రంతా టెన్షన్ పడ్డారు.

మకుహారి సంగతి పక్కన పెడితే గదులు చిన్నవి. మనవైపు త్రీ స్టార్ హోటల్ గదిని ఊహించుకుని వెళ్తే ఆశ్చర్యపోతారు, రెండు పెద్ద పెట్టెలు ఒకేసారి తెరిచి పెట్టడానికి నేల ఉండదు. ముగ్గురు ఒకే గదిలో అంటే మూడోది మడత మంచమో సోఫానో. కానీ శుభ్రం మాత్రం ఎక్కడా వంక పెట్టలేం. కెటిల్, చెప్పులు, రాత్రి దుస్తులు ప్రతి గదిలో ఉన్నాయి. టాయిలెట్లలో నీళ్ళ స్ప్రే ఉంటుంది, ఇది మనవాళ్ళకి ఎంత నెమ్మదో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త ఏంటంటే బాత్రూం నేల గది నేల కంటే ఎత్తుగా ఉండి గుమ్మంలోనే మెట్టు ఉంటుంది, స్నానం చెయ్యాలంటే లోతైన తొట్టి అంచు దాటి దిగాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మొదటి రాత్రే ఇది చూపించి పెట్టండి.

హకోనేలో ఒక రాత్రి సంప్రదాయ పద్ధతి హోటల్. తతామి చాపలు, నేల మీద పరుపు. నాన్నకి నేల మీంచి లేవడం కష్టమని ముందే చెప్తే మంచం ఉన్న గది ఇచ్చారు, అడగకపోతే ఇవ్వరు. వేడినీటి ఊట స్నానాల గురించి చాలామంది మొహమాటపడతారు కాబట్టి సూటిగానే చెప్తాను, ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేరువేరు, లోపలికి బట్టలు లేకుండానే వెళ్ళాలి, ముందు పీట మీద కూర్చుని ఒళ్ళు పూర్తిగా కడుక్కుని అప్పుడు తొట్టెలోకి దిగాలి. టాటూలు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. అందరిలో వద్దనుకుంటే కొన్ని హోటళ్ళలో కుటుంబానికి విడిగా గంట లెక్కన స్నానాల గది అద్దెకి ఇస్తారు. అమ్మ అలా వెళ్ళింది, రెండు రోజులు కాళ్ళనొప్పుల ఊసే ఎత్తలేదు.

ఫుజి మీద మాత్రం ఆశలన్నీ పెట్టుకోకండి. 3776 మీటర్ల కొండ, అయినా మబ్బు పడితే కొండ ఉందని కూడా తెలీదు. బస్సు వెళ్ళే, కొండ మీద ఐదో స్టేషన్ అని పిలిచే మజిలీ సుమారు 2300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మంచు పడితే దారి మూసేస్తారు, అప్పుడు వేరే చోటు చూపిస్తారు, డబ్బు వెనక్కి రాదు. హకోనేలోని ఓవకుదాని రోప్‌వే కూడా గాలి ఎక్కువైనా, అగ్నిపర్వతపు వాయువులు పెరిగినా ఆగిపోతుంది. చలికాలం ఉదయాల్లో కనిపించే అవకాశం ఎక్కువ, వేసవిలో బాగా తక్కువ.

ఇక భోజనం. నిజం చెప్పాలంటే చాలామంది గ్రూప్ టూర్ ఎంచుకునేదే దీనికోసం. జపాన్‌లో పూర్తి శాకాహారం దొరకడం మనం అనుకునే దానికంటే కష్టం. కూరగాయలే కనిపిస్తున్నాయి కదా అనుకుంటాం, కానీ మిసో సూప్‌లో, నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరల్లో కూడా ఎండబెట్టిన చేపతో చేసిన దాషి అనే రసం ఉంటుంది. చేపముక్క కంటికి కనిపించదు కాబట్టి వడ్డించేవాళ్ళు కూడా శాకాహారమే అంటారు. గ్రూప్ టూర్‌లో మధ్యాహ్నం, రాత్రి ఇండియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తారు, ఆ నిశ్చింత చాలా పెద్దది. రుచి మాత్రం ఒకటే, పనీరు, పప్పు, నాన్, జీరా రైస్, మళ్ళీ పనీరు. నాలుగో రోజుకి మా బస్సులో ఆవకాయ సీసా చేతులు మారుతూ ఉండేది. పొడులు, ఆవకాయ, గోంగూర బాగా ప్యాక్ చేసి తీసుకెళ్ళండి, కానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టుకోవద్దు, ఏ రూపంలో అయినా మాంసం జపాన్‌లోకి తీసుకెళ్ళడం నిషేధం, ఎయిర్‌పోర్టులో వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి. తాజా పళ్ళు, కరివేపాకు కూడా వద్దు. చేప తినేవాళ్ళు కనీసం రెండు పూటలైనా గ్రూప్ భోజనం మానేసి బయట తినండి, అంతదూరం వెళ్ళి సుషీ, ఉనగి (ఈల్ చేప) రుచి చూడకుండా రావడం బాధాకరం. టోక్యోలో ఒక సాయంత్రం ఖాళీ దొరికితే మనవాళ్ళకి నేను చెప్పేది ఉయెనో అనే పేట. షినోబజు చెరువు మధ్యలో బెంజైతెన్ గుడి ఉంది, ఆవిడ మన సరస్వతే, జపాన్‌లో ఆవిడని ఎక్కువగా వీణకి బదులు బివా అనే తంతివాద్యంతో చూపిస్తారు. గుడి చూసుకుని అలా నడుచుకుంటూ ఒకాచిమాచి వెళ్తే అక్కడ ఆంధ్రా భోజనం దొరుకుతుంది. అన్నం, పప్పు, రసం తిన్నాక అమ్మ మొహం చూడాలి!

గైడ్ విషయంలో ఒక మాట స్పష్టంగా అడిగి తెలుసుకోండి. ఇండియా నుంచి మనతో వచ్చే టూర్ మేనేజర్ వేరు, అక్కడి స్థానిక గైడ్ వేరు. మేనేజర్ భోజనాలు, గదులు, లెక్కలు, మనుషులు తప్పిపోకుండా చూసుకోవడం చేస్తాడు, మా మేనేజర్ ఆ పనిలో నిజంగా బంగారం. కానీ చూస్తున్నది ఏంటో చెప్పాల్సింది స్థానిక గైడ్, కొన్ని ప్యాకేజీల్లో ఆ గైడ్ ఒకటి రెండు రోజులకే ఉంటారు. మాకు క్యోటోలో ఉన్నారు, నారాలో లేరు. ఆ లోటు బాగా తెలిసింది. నారాలో బస్సు దిగగానే అందరూ అక్కడ స్వేచ్ఛగా తిరిగే జింకల వెంట పడ్డారు, బిస్కెట్లు కొన్నారు, ఫొటోలు దిగారు, తోదాయ్-జీ గుడిలో పెద్ద బుద్ధుడి ముందు పది నిమిషాలు నిలబడి వచ్చేశారు. ఆ విగ్రహం సుమారు 15 మీటర్ల ఎత్తు, దానికి 752లో కళ్ళు తెరిపించే వేడుక జరిపింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఓడలో సముద్రం దాటి అంతదూరం వెళ్ళిన మనిషి! ఆ గుడిలో నిలబడి మా గ్రూప్‌లో ఎవరికీ ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. క్యోటోలో సంజూసంగెన్-దో కూడా చాలా ప్యాకేజీల్లో ఉండదు. మా గైడ్‌ని బతిమాలి షాపింగ్ గంట తగ్గించుకుని మేం కొందరం వెళ్ళాం. పొడవాటి చెక్క మందిరంలో కరుణకి ప్రతిరూపమైన బోధిసత్వుడు కన్నోన్ విగ్రహాలు 1001, వాటి ముందు కాపలాగా 28 మంది దేవతలు, వాళ్ళలో ఇంద్రుడు, బ్రహ్మ, నారాయణుడు, వేణువు ఊదుతున్న గరుత్మంతుడు. నాన్న ఒక్కొక్కరి ముందు ఆగి దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళారు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది, జనం నిజంగా చూస్తున్నారు. బంగారు మందిరం కింకాకు-జీ అందమైనదే, 1950లో తగలబడితే 1955లో మళ్ళీ కట్టారు, అక్కడ ఒకే దారిలో నడిచి బయటికొచ్చేస్తాం కాబట్టి గ్రూప్ ఇచ్చే సమయం సరిపోతుంది.

హిరోషిమా అదనపు ట్రిప్‌గా పెట్టి ఎక్కువ డబ్బు అడుగుతారు. ఇచ్చి వెళ్ళండి. అక్కడి అణుబాంబు మ్యూజియంకి రెండు గంటలు కావాలి, గ్రూపులు గంటలో బయటికి రమ్మంటాయి, అందుకే ముందురోజే అందరూ కలిసి మేనేజర్‌తో మాట్లాడి సమయం పెంచుకోండి. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15 దగ్గర ఆగిపోయిన చేతిగడియారం, కాలిపోయిన పిల్లల బట్టలు చూశాక తిరుగు ప్రయాణంలో మా వాళ్ళెవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

నడక గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. బస్సు ఉంది కదా అనుకుంటాం, కానీ గుడి ఒకచోట, బస్సు పార్కింగ్ ఒకచోట, క్యోటోలోని కియోమిజు-దెరా గుడికి అయితే పార్కింగ్ నుంచి అంతా ఎత్తు రోడ్డే. రోజుకి పది పన్నెండు వేల అడుగులు మామూలు. కూర్చోడానికి బెంచీలు తక్కువ, కాబట్టి మడిచే కర్ర, బాగా అలవాటైన బూట్లు ఉండాలి, కొత్త బూట్లు అస్సలు వద్దు. డ్రైవర్ల పని గంటలకి కచ్చితమైన నిబంధనలున్నాయి, సాయంత్రం ఇంకో చోటికి తీసుకెళ్ళమని బతిమాలినా కుదరదు. చెత్తబుట్టలు వీధుల్లో దాదాపు కనిపించవు, 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు, ఒక కవరు బ్యాగులో పెట్టుకుని అరటితొక్క కూడా హోటల్‌కే తెచ్చుకోవాలి. క్యోటోలో గెయికోలు (అక్కడి గెయిషాలు) ఉండే గియోన్ దగ్గర ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి పర్యాటకులని వెళ్ళనివ్వడం లేదు, వెళ్తే పదివేల యెన్లు జరిమానా అని బోర్డులు పెట్టారు, అక్కడ గెయికో కనిపించినా వెంటపడి ఫొటోలు తీయకండి.

చిన్నచిన్నవి కొన్ని. ప్లగ్ రెండు చదును పిన్నులది, కరెంటు 100 వోల్టులు. టిప్పులిచ్చే అలవాటు హోటళ్ళలో, ట్యాక్సీల్లో లేదు. కార్డులు చాలాచోట్ల నడుస్తాయి, కానీ గుడి టికెట్లకి, చిన్న కొట్లకి నగదు కావాలి, సెవెన్-ఇలెవెన్ ఏటీఎంలలో మన కార్డులు పనిచేశాయి.

ఎప్పుడు వెళ్ళాలంటే, మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు, కానీ ధరలూ జనమూ అప్పుడే ఎక్కువ, పూలు ఏ వారం విచ్చుకుంటాయో ఏ కంపెనీ హామీ ఇవ్వలేదు. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా అక్కడి వాళ్ళకే వరస సెలవులు, ఆ వారం వదిలెయ్యండి. మన పిల్లల వేసవి సెలవులు జూన్‌లోకి వస్తే అక్కడ వానలు, జూలై ఆగస్టుల్లో విజయవాడని గుర్తుచేసే ఉక్కపోత. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నేనైతే నవంబరు మధ్య తర్వాత బయల్దేరే బ్యాచ్ చూసుకోమంటాను. క్యోటోలో మేపుల్ ఆకులు ఎర్రబడేది అప్పుడే, స్వెటరు మీద ఒక జాకెట్టు వేసుకుంటే రోజంతా నడవొచ్చు.