గంజి, బీటాడిన్, ఫోన్ కెమెరా: మా ఉమ్మడి ఆన్‌లైన్ ల్యాబ్‌తో ఐదేళ్లు

నేను విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. 2020 లాక్‌డౌన్‌లో ప్రాక్టికల్స్ ఆగిపోయినప్పుడు విశాఖ, అనకాపల్లి, నర్సీపట్నం, పాడేరు కాలేజీల్లో పనిచేసే ఏడుగురం కలిసి ఆన్‌లైన్ ల్యాబ్ ఒకటి మొదలుపెట్టాం. కాలేజీలు తెరిచాక కూడా మానలేదు. ఐదేళ్లు నడిపాక, ఇలాంటిది పెట్టుకోవాలనుకునే తోటి లెక్చరర్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల చేతిలో నిజమైన వస్తువు ఏదో ఒకటి ఉన్న రోజే మాకు ల్యాబ్ జరిగింది. మిగతా రోజుల్లో జరిగింది మంచి పాఠం, అంతే.

మొదట్లో మేం సిమ్యులేషన్ల మీదే, అంటే తెర మీద నడిచే నమూనా ప్రయోగాల మీదే ఆధారపడ్డాం. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో అమృత యూనివర్సిటీ వాళ్లు చేసిన బయాలజీ ప్రయోగాలు, హార్వర్డ్ వాళ్ల ల్యాబ్‌ఎక్స్‌చేంజ్, రెండూ ఉచితమే. థియరీ, ప్రొసీజర్, సిమ్యులేటర్ ఒకేచోట ఉండటం వల్ల పిల్లలు ల్యాబ్‌కి వచ్చే ముందురోజు చదువుకుని రావడానికి అమృత పేజీలు చాలా బాగా పనికొచ్చాయి. ఇప్పటికీ వాడుతున్నాను. డీఎన్ఏ ముక్కలను సైజును బట్టి వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరిసిస్ పరికరం లేని కాలేజీ పిల్లలకు ల్యాబ్‌ఎక్స్‌చేంజ్ అయినా దొరకడం పెద్ద ఊరట. 2014లో యూజీసీ జంతువులను కోసి చూసే డిసెక్షన్లు ఆపించాక జువాలజీ వాళ్లకైతే తెర తప్ప వేరే దారి పెద్దగా లేదు.

కానీ తెర నేర్పలేనిది ఏమిటో, చాలా కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ దగ్గర తెలిసింది. దాని బటన్‌కి రెండు మజిలీలు ఉంటాయి. మొదటి మజిలీ వరకు నొక్కి ద్రవం తీసుకోవాలి, వదిలేటప్పుడు మాత్రమే రెండో దాని వరకు నొక్కాలి. సిమ్యులేషన్ క్విజ్‌లో పదికి పది తెచ్చుకున్న అమ్మాయి, కాలేజీ తెరిచాక నా ముందు నిలబడి, తీసుకునేటప్పుడే చివరిదాకా నొక్కేసింది. టిప్‌లో కావలసినదానికంటే ఎక్కువ ద్రవం ఎక్కింది. నియమం అడిగితే తడుముకోకుండా చెప్పింది. మొదటి మజిలీ దగ్గర తగిలే ఆ చిన్న అడ్డు బొటనవేలికి ఇంకా పరిచయం కాలేదు, అంతే తేడా.

మరో దెబ్బ మొదటి ఏడాదే తగిలింది. ఒక విదేశీ సైట్‌లోని సిమ్యులేషన్లు చూసుకుని సెమిస్టర్ మొత్తానికి ప్లాన్ వేసుకున్నాం. ఆ పేజీలు నడిచే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది, జనవరిలో చూస్తే అందులో సగం పేజీలు తెరుచుకోలేదు. అప్పటి నుంచి ప్రతి ప్రయోగానికీ ఇంట్లో చేయగలిగే రూపం ఒకటి పక్కన పెట్టుకుంటున్నాం.

అలా పుట్టినదే గంజి ప్రయోగం. ఐదేళ్లలో అన్నిటికంటే బాగా నడిచింది ఇదే. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడుతుందని అందరూ ఇంటర్‌లోనే చదువుతారు. గంజి బాగా పలుచన చేసి చిటికెడు ఉప్పు వెయ్యమంటాం, ఎందుకంటే క్లోరైడ్ ఉంటే ఈ ఎంజైమ్ చురుగ్గా పనిచేస్తుంది. పిండిపదార్థం తగిలితే నీలంగా మారే అయోడిన్‌కి బదులు మందుల షాపులో దొరికే బీటాడిన్ ద్రావణాన్ని నీళ్లతో పలుచన చేసి చుక్కలు వరసగా పెట్టుకోవాలి. గంజిలో తమ లాలాజలం కలిపి, నిమిషానికో చుక్క తీసి ఒక్కో బీటాడిన్ చుక్కలో వేస్తూ పోవాలి. మొదట చిక్కటి నీలం, తర్వాత ఊదా, గోధుమ, చివరికి రంగు మారడమే ఆగిపోతుంది. ఆ నిమిషం రాసుకోవాలి. ఇదే మూడు రకాలుగా చేయాలి: ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గుప్పిట్లో పట్టుకుని, ఒకటి మరిగించిన లాలాజలంతో. ఎవరి లాలాజలం వాళ్లే వాడాలి, ఇది మాత్రం గట్టిగా చెబుతాం.

పాడేరు వైపు పిల్లల ఇళ్లలో తెల్ల పింగాణీ పళ్లేలు లేవు. స్టీలు పళ్లెంలో రంగు తేడా సరిగా కనిపించదు. వాళ్లే తెల్లకాగితాన్ని పాలిథిన్ కవర్లో దూర్చి దాని మీద చుక్కలు పెట్టారు. నగరం పిల్లలకు కూడా ఇప్పుడు అదే పద్ధతి చెబుతున్నాం.

ఒకసారి ఒక అబ్బాయికి మరిగించిన దాంట్లో కూడా నీలం పోయింది. ఎంజైమ్ చచ్చిపోయాక రంగు ఎలా పోతుంది? నాలుగు కాలేజీల పిల్లలూ ఫొటో చూసి ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. చివరికి అనకాపల్లి బయోకెమిస్ట్రీ సార్ ‘ఆ గ్లాసులో అంతకుముందు ఏం తాగావురా?’ అని అడిగారు. నిమ్మరసం. గ్లాసు సరిగా కడగలేదు. విటమిన్ సి అయోడిన్‌ని అయొడైడ్‌గా మార్చేస్తుంది, ఇక నీలం నిలవదు. నేను ఒక్కదాన్నే ఉంటే మరిగించడం సరిపోలేదని రాసేసి ఊరుకునేదాన్నేమో. నలుగురు టీచర్లు ఒకే ఫలితాన్ని చూడటంలో ఉన్న లాభం నాకు ఆరోజు బాగా అర్థమైంది.

కణవిభజన చూసే ఉల్లి వేరు కొన ప్రయోగం దగ్గరా అదే జరిగింది. యాసిడ్‌లో వేడిచేయడం, అసిటోకార్మిన్ రంగు వేయడం ఇంట్లో చేయించలేం. అందుకని స్లైడు నేను చేసి, 400 రెట్లలో మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి ఫొటోలు తీసి పంపాను. ఇంట్లో నీళ్ల గ్లాసు మీద ఉల్లిపాయ పెట్టి వేర్లు పెంచడం మాత్రం వాళ్ల పని. ఒక్కొక్కరు 200 కణాలు లెక్కపెట్టి, అందులో విభజనలో ఉన్నవి ఎన్ని శాతమో చెప్పాలి. ఒకే ఫొటోకి ముగ్గురు మూడు అంకెలు ఇచ్చారు. ఇంటర్‌ఫేజ్ (విభజనకు ముందు దశ) ఎక్కడ ఆగి ప్రొఫేజ్ (విభజన మొదటి దశ) ఎక్కడ మొదలవుతుందన్నదే తగువు. నిజానికి నర్సీపట్నం మేడమ్‌కీ నాకూ కూడా కుదరలేదు. గంటసేపు మాట్లాడుకుని, క్రోమోజోమ్ దారాలు విడివిడిగా కనిపిస్తేనే ప్రొఫేజ్ అని ఒక నియమం పెట్టుకున్నాం. పిల్లలు ఇదంతా వింటూనే ఉన్నారు. రికార్డులో బొమ్మ గీసి లేబుల్స్ రాసే పిల్లలకు, ఆ రెండు దశల మధ్య గీత మనుషులు కూర్చుని ఒప్పుకున్నదని తెలియడం చిన్న విషయం కాదు.

ఫోల్డ్‌స్కోప్ గురించి తప్పక చెప్పాలి. స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోప్ ఇది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. బ్యాచ్‌కి కొన్ని కొని ఇళ్లకు ఇస్తాం. రియో అనే తోట మొక్క ఆకు అడుగున ఉండే ఊదా పొర ఒలిచి ఉప్పునీళ్లు వేస్తే కణంలోని రంగంతా ముడుచుకుని మధ్యకి వస్తుంది. ‘మేడం, ఊదారంగంతా లోపలికెల్లిపోనాది!’ అని ఒక అమ్మాయి పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ప్లాస్మాలిసిస్‌కి ఇంతకంటే మంచి నిర్వచనం నేనెప్పుడూ వినలేదు. ఉల్లి క్రోమోజోములు మాత్రం దీంట్లో ఆశించకండి, వాటికి కాలేజీ మైక్రోస్కోపే కావాలి.

సముద్రం ఒడ్డు నుంచి లైవ్ చూపించడం కష్టమైన పని, కానీ వదలబుద్ధి కాదు. విశాఖ తీరంలోని జోడుగుళ్లపాలెం రాళ్ల మీద పీవీసీ పైపుతో చేసిన చదరం పెట్టి, జువాలజీ సార్ ఫోన్‌లో చూపిస్తారు. పైన చిన్న లిట్టొరినా నత్తలు, కిందికి వస్తే రాళ్లకు అతుక్కుని ఉండే బార్నకిల్స్ అనే పెంకు జీవులు, నీటి అంచున పచ్చటి సముద్రపు నాచు ఉల్వా. ఇబ్బంది ఏమిటంటే పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది, కాలేజీ టైంటేబుల్ జరగదు. నాలుగు కాలేజీలకూ కుదిరే పీరియడ్‌లో రాళ్లు తేలి ఉండే రోజులు నెలలో కొన్నే. పోటు పట్టికను సెమిస్టర్ మొదట్లోనే ముందు పెట్టుకోండి. కొండమీద సిగ్నల్ పోతుంది కాబట్టి పాడేరుకి అదే వీడియో చిన్న ముక్కలుగా పెన్‌డ్రైవ్‌లో వెళ్తుంది. బదులుగా వాళ్లు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ బెరడు మీది లైకెన్లు, నాచు మొక్కలు తీసి మాకు పంపుతారు. మా పిల్లలు వాటిని నగరంలో చెట్ల బెరడుతో పోల్చి రాస్తారు.

మైక్రోబయాలజీ మాత్రం ఆన్‌లైన్‌లో నాకు కుదరలేదు. బ్యాక్టీరియా పెంచే ప్రయోగం ఇంటికి పంపే ప్రసక్తే లేదు, పంపకూడదు కూడా. అది కాలేజీ ల్యాబ్‌లోనే చేయిస్తున్నాం.

భాష సంగతి కూడా ఉంది. 2021-22లో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది. ఈ సైట్లన్నీ ఇంగ్లీషులోనే చూస్తాం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు ప్రొసీజర్ పేజీ దగ్గరే ఆగిపోయేవారు. ఏడుగురం వంతులవారీగా ప్రతి ప్రయోగానికీ తెలుగులో ఐదు నిమిషాల ఆడియో చేస్తున్నాం. కాపీ బెడద కూడా చేతితో చేయించాకే తగ్గింది. చుక్కల వరస పక్కన తమ పేరు, తేదీ రాసిన చీటీ పెట్టి ఫొటో తీయాలి. పక్కవాడి ఫొటో పంపడం కంటే గంజి కాచుకోవడమే తేలిక.

ఒక్కరే నడపాలనుకుంటే ఇది మోయలేని పని. ఇద్దరు ముగ్గురు దొరికితే మొదలుపెట్టండి, మొదటి ప్రయోగం గంజితోనే పెట్టండి. గ్లాసు సబ్బుతో కడగమని ముందే చెప్పండి.