పసికందు కామెర్లు: బొడ్డుతాడు రక్తమా, మడమ రక్తమా?

కామెర్లు ముదురుతాయేమోనని ముందే అంచనా వేయడానికి, కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తంలో బిలిరుబిన్ (కామెర్లకు కారణమయ్యే పసుపు పదార్థం) చూడటం ఒక దారి. బిడ్డకు సూది గుచ్చనక్కరలేదు. అదే రక్తంతో గ్రూపు, కూంబ్స్ (తల్లి యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలకు అంటుకున్నాయేమో చూసే) పరీక్షలూ చేయవచ్చు కనుక తల్లిది ఓ గ్రూపు అయినప్పుడు ఇది ఎంతో విలువైనది. అయితే బిలిరుబిన్ సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. పుట్టిన క్షణంలో తక్కువ అంకె వచ్చిందని నిశ్చింతగా ఉండలేము.

అందుకే ఇంటికి పంపేముందు మడమ నుంచి తీసే కొద్ది చుక్కల రక్తాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను. ఆ అంకెను బిడ్డ వయసు గంటలతో కలిపి, 1999లో శిశు వైద్యుడు వినోద్ భూటానీ బృందం ప్రచురించిన ప్రమాద రేఖల పటంపై గుర్తిస్తారు: డెసీలీటరుకు 8 మిల్లీగ్రాములంటే 24 గంటల వయసులో దాదాపు అధిక ప్రమాద రేఖే, 72 గంటలకైతే తక్కువ ప్రమాదమే. కంటికి కనిపించే పసుపుఛాయ ఈ తేడాను చెప్పలేదు, ముఖ్యంగా చామనఛాయ పిల్లల్లో.