ఆరేళ్ల వర్చువల్‌బాక్స్, ఒక బిళ్ల బ్యాటరీ

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. ఇక్కడ శుభలేఖ ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క ఒడియాలో అడుగుతారు. మా తెలుగు పనంతా ఇప్పటికీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్ల మీదే. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి పాత విండోస్ ఎక్స్‌పీని వదల్లేక, విండోస్ 10 సిస్టంలో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి దాని లోపల నడుపుతున్నాను.

ఇందులో నాకు పిచ్చి ఇష్టం స్నాప్‌షాట్, అంటే లోపలి ఎక్స్‌పీ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే దాచిపెట్టుకోవడం. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ వచ్చినా, ఫాంట్లు మొరాయించినా, పాత స్నాప్‌షాట్‌కి వెళ్తే చాలు, మొన్నటి ఎక్స్‌పీ మళ్లీ ఎదురుగా ఉంటుంది. ‘ఇది ఉండగా వేరే బ్యాకప్ ఎందుకు’ అని పాతపట్నం మిత్రులకి గొప్పగా చెప్పాను కూడా.

మాఘమాసం ముహూర్తాల్లో ఒక పొద్దున సిస్టం ఆన్ చేస్తే నల్ల తెర మీద ఏదో రాసి, ఎఫ్1 నొక్కమంది. చదవకుండానే నొక్కాను. విండోస్ వచ్చింది గానీ ఏ సైటూ తెరుచుకోలేదు. నెట్ బాగోలేదనుకున్నాను. ఎక్స్‌పీ స్టార్ట్ కొడితే ఎర్రర్ పెట్టె. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. బయట పెళ్లివారు ప్రూఫ్ కోసం కూర్చున్నారు. టెన్షన్‌లో చేయి నేరుగా స్నాప్‌షాట్ మీదికే పోయింది. ఇప్పుడున్న స్థితిని కూడా దాచమంటావా అని అది అడిగింది పాపం. ఆ టిక్కు లేకుండానే ఓకే కొట్టేశాను. రెండు రోజుల్లో కట్టిన మూడు శుభలేఖలు పోయాయి. ఎక్స్‌పీ మాత్రం లేవలేదు.

రిపేరు కుర్రాడికి ఫోన్ చేశాను. ‘మాస్టారూ, ఆ పెట్టెలో ఏముందో ఓసారి చదవండి’ అన్నాడు. ‘వీటీ-ఎక్స్ ఈజ్ డిసేబుల్డ్ ఇన్ ద బయాస్’ అని స్పష్టంగా ఉంది. ‘తేదీ ఎంత చూపిస్తోంది?’ అన్నాడు. చూస్తే ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. తేదీ తప్పితే బ్రౌజర్ సైట్ల భద్రతా సర్టిఫికెట్లని నమ్మదు, సైట్లు తెరుచుకోనిదీ అందుకే.

మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. రాత్రి షాపు మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్తాం కదా, కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, బయాస్ (సిస్టం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగుల్నీ నిలిపేది అదే. అది పోయేసరికి అన్నీ మొదటికి వచ్చాయి. మా బోర్డులో మొదట వర్చువలైజేషన్ (ఎర్రర్లో చెప్పిన వీటీ-ఎక్స్ ఇదే, వర్చువల్‌బాక్స్‌కి కావలసిన ప్రాసెసర్ సౌకర్యం) ఆఫ్‌లోనే ఉంటుంది. వర్చువల్‌బాక్స్ పాత వెర్షన్లలో 32 బిట్ల ఎక్స్‌పీ అది లేకపోయినా నడిచేది. 2019 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి అది తప్పనిసరి. గడియారాల కొట్టులో బిళ్ల కొని వేసి, బయాస్‌లో ఆ ఒక్కటీ ఆన్ చేసి ఎఫ్10తో సేవ్ కొడితే, ఏమీ ఎరగనట్టు ఎక్స్‌పీ లేచి కూర్చుంది.

స్నాప్‌షాట్ మీద ఇష్టం ఇప్పటికీ ఉంది. కాకపోతే అది లోపలి ఎక్స్‌పీకే మందు, కింద సిస్టంలో జబ్బుకి పనికిరాదు. పైగా అదీ ఆ డిస్కులోనే ఉంటుంది, డిస్కు పోతే దానితోపాటే పోతుంది. అందుకే ఇప్పుడు ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్లో దాచి, సాయంత్రం వేరే డిస్కుకి ఎక్కిస్తున్నాను.

మాది 8 జీబీ ర్యామ్, ఎక్స్‌పీకి 1 జీబీ ఇచ్చాను, నెట్ అసలు ఇవ్వలేదు. ఈ లెక్కలో నాకు హాయిగానే ఉంది. అను లాంటి పాత ఫాంట్లు వదిలి యూనికోడ్ తెలుగుకి మారిపోయినవాళ్లకి ఇంత తంటా అక్కర్లేదు. ఆ మూడింటిలో రెండు శుభలేఖలు ప్రూఫ్ కాగితాలు చూసి మళ్లీ కట్టాను, మూడోదానికి పెళ్లివారినే పిలిచి పేర్లన్నీ మొదటినుంచీ చెప్పించుకున్నాను.